భుజం వెనక మాట

వెర్డీ వసారాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే లోపలి నుంచి మొగుడు ఆర్బిన్ కేకేశాడు.

“ఏమేవ్, వచ్చినావిడకి కాఫీ ఇచ్చేదుందా? ఆ కాయలేం ఎగిరిపోవులే!”

వచ్చినావిడ పేరు హాలొవే. లెక్సింగ్టన్ పట్నంలో పాత పాటలు పోగుచేస్తుందట. ఆర్బిన్ కాడిల్ పాతికేళ్ల కిందట రికార్డుకు పాడిన ఆరు పాటలంటే ఆమెకు ప్రాణం. ఈ కెంటకీ కొండ దాటితే ఎవరూ వినని ఆ పాటలన్నిటినీ కలిపి ఇప్పుడు పెద్ద రికార్డు వేస్తారట. అట్ట మీద ‘రచన, గానం: ఆర్బిన్ కాడిల్’ అని వేస్తారట. ఆ మాట వినగానే వెర్డీ చిక్కుడుకాయల బుట్ట తీసుకుని వసారాలోకి వచ్చేసింది.

ఆ ఆరూ వెర్డీ కట్టినవే. ఒకటి బట్టలుతుకుతూ కట్టింది. ఒకటి ఆరు వారాల కూతుర్ని మట్టిలో పెట్టొచ్చిన చలికాలంలో కట్టింది. ఆర్బిన్‌కి చదువు రాదు, వరసగా రెండు పాదాలు గుర్తుండవు. అందుకే మైకు ముందు అతను నిలబడితే, అతని భుజం వెనక ఆమె నిలబడి ఒక్కో పాదం గుసగుసగా అందించేది. వాళ్ల చర్చిలో పద్ధతే అది. పెద్దాయన ముందు ఒక పాదం చెబితే జనం దాన్ని సాగదీసి పాడతారు. ఆడది మాత్రం చెప్పకూడదు. తండ్రి చెప్పగా విని నేర్చుకున్న వెర్డీ నోరు చర్చిలో పనికి రాలేదు గానీ మొగుడి వెనక మాత్రం బ్రహ్మాండంగా పనికొచ్చింది. “నువ్వు కట్టావంటే ఎవడు వింటాడే? మొగుడికి మాటందిస్తే నోరేమన్నా అరిగిపోతుందా?” అన్నాడు ఆర్బిన్, మొదటి రికార్డు నాడు. “పేరుకోసం పాకులాడే ఆడది ఇల్లు నిలబెడుతుందా?” అని అత్తగారు వంతపాడింది. వెర్డీ ఇల్లు నిలబెట్టింది. పేరు అతను తీసుకున్నాడు.

కాఫీ తీసుకుని లోపలికి వెళ్లేసరికి హాలొవే అడుగుతోంది.

“ఆర్బిన్ గారూ, మీ రికార్డుల్లో ప్రతి పాదానికీ ముందు ఏదో గరగరమంటుంది. ఏమిటండీ అది?”

“ఆ గదిలో ఎలుకలుండేవి లెండి!” అని పకపకా నవ్వాడు ఆర్బిన్.

ఎలుకలట! వెర్డీ కప్పు ఠక్కున బల్ల మీద పెట్టింది.

హాలొవే తను తెచ్చిన టేపు రికార్డరు తిప్పి, మైకు అతని ముందు పెట్టింది. “ఆ చలికాలం పాట ఒక్కసారి పాడతారా?”

“రావే, నీ చోట్లో నిలబడు,” అన్నాడు ఆర్బిన్, గిటారు అందుకుంటూ. వెర్డీ వెళ్లి నిలబడింది.

“మంచు పడే మట్టి కింద దుప్పటైనా లేదే...” మొదటి పాదం అతనికి వచ్చు. పాడి, తల కాస్త వెనక్కి వంచాడు. వెర్డీ పెదవులు బిగించింది. గిటారు మీద అదే వరస మళ్లీ వాయించాడు, మళ్లీ మొదటి పాదమే పాడాడు. అతనికి చెమట పట్టింది. ఆ చెమట చూస్తే ఆమెకు ఎంత హాయిగా ఉందో! రెండో పాదంలో ఉన్నది కూతురి పేరు. కన్నతండ్రికి అది కూడా గుర్తు లేదు.

“చెప్పవేమే!” అని చివరికి అరిచాడు. టేపు తిరుగుతూనే ఉంది.

హాలొవే అతన్నీ ఆమెనీ మార్చి మార్చి చూసింది. “ఏం చెప్పాలమ్మా?”

వెర్డీ ఏప్రనుకు చేతులు తుడుచుకుని అతని వెనక నుంచి మైకు ముందుకొచ్చింది.

“నా శాలువ కప్పుకో నా చిట్టి ఐవీ. అదమ్మా రెండో పాదం. అట్ట మీద వెర్డీ ఈసన్ అని రాసుకో, మా నాన్న ఇంటిపేరు. కాడిల్ అక్కర్లేదు.” మొగుడి వైపు తిరిగింది. “నువ్వు వెనక్కి జరుగు. ఎలుకలుండే చోటు అదే. గిటారు మాత్రం ఆపకు.”