పిత్తలవణం సీసా

అన్యాయం ఎవరికి జరిగింది? డిమాన్‌స్ట్రేటరు రూతుకు. ఎలా జరిగింది? నిండు ల్యాబులో, విద్యార్థులందరి ముందు, శాఖాధిపతి సోమేశ్వరరావు గారు ఆమెను అబద్ధాలకోరు అన్నారు. ల్యాబు తాళాలు లాక్కున్నారు.

ఇది 1962లో, బందరులోని ఒక కాలేజీలో జరిగింది. దాని పాలక సంఘంలో నేను సభ్యురాలిని.

రూతు ఈస్టును గాజుపొడితో నూరి, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాను వేరుచేసింది. వాటి పొరలో ఇరుక్కున్న ప్రోటీను ఆమెకు కావాలి. పొర కరగాలి, ప్రోటీను చెడకూడదు. బట్టల సబ్బు పొరను కరిగించి, ప్రోటీనును కూడా చెడగొడుతుంది. అందుకే ఆమె పశువుల పిత్తం నుంచి తీసిన లవణం వాడింది. అది కూడా సబ్బు లాంటిదే, కాని సాధువు. ప్రోటీను చెడకుండా ఉంటే, అందులో కలిపిన నీలిరంగు వెలిసిపోతుంది. ఆమె చేతిలో వెలిసింది.

సోమేశ్వరరావు గారు మడి మనిషి. కసాయి సరుకు ముట్టనని బట్టల సబ్బుపొడితో పరీక్షించారు. నీలం కదల్లేదు. వెంటనే తీర్పు చెప్పేశారు.

తప్పు ఎక్కడ చేస్తే అక్కడే దిద్దుకోవాలని కాన్వెంటులో సిస్టర్లు మాకు నేర్పారు. అదే ల్యాబులో, అదే విద్యార్థుల ముందు, ఆమె పద్ధతిలో, ఆయన చేత్తోనే మళ్లీ చేయాలని పట్టుబట్టాను. నీలం పోకపోతే ఉద్యోగం వదులుకుంటానని రూతు మాటిచ్చింది.

ప్రోటీను చెడకుండా చల్లగా ఉంచడానికి చేపల రేవు నుంచి ఐసు వచ్చింది. కిటికీల దాకా జనం. ఆయన పిత్తలవణం సీసా వైపు చెయ్యి చాచి ఆగారు.

"మాస్టారికి ఇవాళ రెండు స్నానాలు తప్పవు," అని వెనక ఎవరో అన్నారు. అంతా నవ్వారు. ఆయన సీసా ఎత్తారు.

లవణం పడింది. మడ్డిని అడుక్కు దించే సెంట్రిఫ్యూజు తిరిగింది. తేరిన ద్రవంలో, ఆ ప్రోటీనుకు ఆహారమైన సక్సినేటుతో పాటు నీలిరంగు కలిపారు. నీలం ముందు అడుగున పలచబడింది, తరవాత ఆ వెలవడం పైదాకా పాకింది. గాజుగొట్టం అద్దంలా మిగిలింది. బెంచీలు దద్దరిల్లాయి. రూతు రెండు చేతులతో నోరు మూసుకుంది.

ఆయన గొణిగారు. "వెనక బెంచీకి వినబడలేదండీ," అన్నాను.

ఇంతకాలం ఆమెను ఏకవచనంతో పిలిచిన ఆయన గొంతెత్తారు. "రూతు గారూ, మీరు చెప్పింది నిజం. అబద్ధం నాది." తాళాలు ఆమె చేతిలో పెట్టారు.

బాకీ మొత్తం తీరింది. నేను లేచి గొడుగు అందుకున్నాను.