నాలుగో వైపు

“అయితే ఆ పగులు తనంతట తానే వచ్చి గోడమీద కూర్చుందంటావు,” అన్నాడు మా అబ్బాయి, టీ గ్లాసు నా కిటికీ గట్టుమీద పెడుతూ.

“నేనలా అనలేదు. చెట్టు వల్ల రాలేదన్నాను,” అంది కోడలు.

“చెట్టంటే నీకు పుట్టింటివాళ్ళతో సమానం. ఒక్క మాట పడనివ్వవు.”

“మా పుట్టింటివాళ్ళని పదహారేళ్ళుగా అంటూనే ఉన్నారు, ఎప్పుడైనా అడ్డొచ్చానా?”

మనవరాలు గోడ దగ్గర గొంతుక్కూర్చుని, పగులు చివర పెన్సిలుతో గీత గీసి పక్కన తేదీ వేసింది. పోయిన ఆదివారం గీత కంటే ఇది వేలెడు కిందికి దిగింది. “నానమ్మా, నా ఎత్తు కూడా ఇంత శ్రద్ధగా ఎవరూ రాయలేదు,” అంది.

నేను మిషను ఆపలేదు. ఇది వరసగా మూడో ఆదివారం. గది నాది, గోడ నాది, వాదన మాత్రం వాళ్ళది.

ఇంటి వెనక ఉన్న ఈ గదిలోనే నా కుట్టుపని. గోడకి ఆనుకున్నట్టే బయట నిద్రగన్నేరు చెట్టు. దాని పెద్ద కొమ్మ మా కప్పు మీదుగా పక్కింటి దాకా చెయ్యి చాపుతుంది. ఎండాకాలంలో కూడా ఇక్కడ ఫ్యాను లేకుండా చొక్కాలు కుట్టుకోవచ్చు. సాయంత్రం ఆకులు ముడుచుకోవడం మొదలయ్యాక గుండీలు కుట్టడం ఆపేసి లేస్తాను. నాకు గడియారం అదే.

మా అబ్బాయి నీళ్ళ మోటార్లు బాగుచేస్తాడు. కోడలిది ఊళ్ళో చెట్లన్నీ చూసే ఆఫీసు. టేపూ, చెక్క సుత్తీ, పుస్తకమూ పట్టుకుని వీధులు తిరుగుతుంది. ఛాతీ ఎత్తున మాను చుట్టుకొలత తీస్తుంది, సుత్తితో చుట్టూ కొట్టి వింటుంది, చిన్న రేకుబిళ్ళ మీద నంబరు వేసి తగిలిస్తుంది. పుస్తకంలో ప్రతి చెట్టుకీ నాలుగు గళ్ళుంటాయి, నాలుగు వైపులకీ నాలుగు. చూసిన వైపు టిక్కు పెట్టాలి. చూడలేకపోతే ‘అందలేదు’ అని రాయాలి. ఎవరి ఇంటి చెట్టు వాళ్ళు చూసుకోకూడదని కూడా వాళ్ళకో నియమం ఉందట. రెండేళ్ళ కిందట మా వీధి వంతు వచ్చినప్పుడు తోడు వచ్చే మనిషి సెలవులో ఉంటే, “మన చెట్టేగా, నాకు తెలియనిదా,” అని తనే రాసేసింది. ఆ మాట నా ఎదురుగానే అంది.

ఆ రోజు ఇంకో మాట కూడా జరిగింది. చెట్టుకీ నా గోడకీ మధ్య మూరెడు సందు. దాని మీద రేకు కప్పించి, కింద పాత మిషనూ గుడ్డల పెట్టెలూ పెట్టుకున్నాను. “అత్తయ్యా, ఆ రేకు ఒక్క పూట తీయిద్దామా, అటువైపు కూడా చూడాలి,” అంది. అప్పుడు నా నెత్తిమీద రెండు బడుల యూనిఫారాలున్నాయి. “ఈ గొడవ తేలనీ తల్లీ,” అన్నాను. యూనిఫారాలు తేలాయి. రేకు మాత్రం అలాగే ఉంది. తనూ మళ్ళీ అడగలేదు, నేనూ గుర్తుచేయలేదు.

“సరే, బయటి మనిషిని పిలుద్దాం,” అంది కోడలు చివరికి. “నా మాట మీద మీకు నమ్మకం లేదు కదా.”

“నమ్మకం లేక కాదు. డాక్టరు సొంత పిల్లలకి మందు రాయడని,” అన్నాడు వాడు.

పదకొండింటికి తాడు బాబాయి వచ్చాడు. చెట్లెక్కి కొమ్మలు దించే మనిషి. ముప్ఫై ఏళ్ళుగా భుజాన తాడు దిగనందుకు ఆఫీసులో అందరూ అలాగే పిలుస్తారు. గోడ చూశాడు, తలెత్తి కప్పు చూశాడు, కప్పు మీది నీళ్ళు దించే గొట్టం వెంబడి కళ్ళతోనే నేల దాకా వచ్చాడు. గొట్టం కింద మట్టిలో కాలు పెడితే మడమ దాకా దిగిపోయింది.

“ఈ గొట్టం బిగించిన మహానుభావుడెవరు? నీళ్ళన్నీ తిన్నగా పునాదిలోకే పోతున్నాయి.”

“మా నాన్నే,” అంది మనవరాలు, చాలా వినయంగా.

మా అబ్బాయి ముఖం చూసి కోడలు నవ్వు ఆపుకోలేకపోయింది. నేను కూడా దారం ఎక్కించే వంకతో తల దించుకున్నాను. వాడు మాత్రం పౌరుషానికి పోలేదు. “పాపం, చెట్టుని అన్యాయంగా తిట్టాను,” అని బాబాయితో కలిసి తనే రేకు ఊడదీసి, సందులోవన్నీ బయటపెట్టాడు. వచ్చినవాడు నాలుగు వైపులా చూడకుండా వెళ్ళడట.

ఈసారి నేను వద్దనలేదు.

మా అబ్బాయి గొట్టం చివర నీళ్ళు పక్కకి మళ్ళించే వంపుముక్క కొనడానికి బజారుకెళ్ళాడు. మనవరాలు వంటింట్లో ఉంది. నేను గదిలో ఉన్నాను. బాబాయి సందులోకి పక్కవాటుగా దూరి సుత్తితో కొట్టడం గోడ లోపలికి వినిపిస్తోంది. వీధివైపు గట్టి చప్పుడు. ఇటువైపు పైన కూడా గట్టిగానే ఉంది. సుత్తి కిందికి దిగేకొద్దీ చప్పుడు మారింది. ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు మెత్తగా, లోతుగా. నాకు చెట్ల సంగతి తెలియదు. కానీ మిషనులో ఏ మర ఒదులైందో చప్పుడుని బట్టే చెప్పగలను. నా కాలు పెడలు మీద ఆగిపోయింది.

“అమ్మాయ్, ఇలా రా,” అన్నాడు బాబాయి.

కిటికీ తెరిచే ఉంది. మాను అడుగున గిన్నెమూతల్లాంటి పుట్టగొడుగులు ఒకదాని మీద ఒకటి. వాటి పక్కన ఇనపచువ్వ గుచ్చితే జానెడు లోపలికి పోయింది.

“పుస్తకంలో నాలుగు గళ్ళకీ టిక్కుంది,” అన్నాడు ఆయన. “పొద్దున ఇటు వచ్చేముందు ఆఫీసు తెరిపించి చూశాను.”

“నేనే పెట్టాను.”

“రెండేళ్ళ కింద ఇంత ఉండకపోవచ్చు.”

“ఉందో లేదో, చూస్తే కదా బాబాయ్ తెలిసేది.”

ఆయన సుత్తి సంచిలో పెట్టుకున్నాడు. “వచ్చే నెల నిన్ను పై కుర్చీలో కూర్చోబెడుతున్నారు. ఒక్క గడి తప్పని తేలితే ఆ ఏడాది నువ్వు రాసిన పుస్తకమంతా మళ్ళీ తిరగేస్తారు. ఇది నువ్వు విన్నావు, నేను విన్నాను. రేపు నేను ఆఫీసులోనే ఉంటాను. నువ్వు ఏం రాస్తే దాని కింద సంతకం పెడతాను.” కిటికీలో నన్ను చూసి, “వస్తాను అక్కగారూ,” అన్నాడు.

కోడలు చాలాసేపు అక్కడే నిలబడింది. అరచెయ్యి మాను మీద పెట్టి, తీసేసి, మళ్ళీ పెట్టింది. పై కుర్చీ కోసం తను తొమ్మిదేళ్ళు ఎదురుచూసింది. ఎండలో తిరిగొచ్చి కాళ్ళు బకెట్టు నీళ్ళలో పెట్టుకుని ఆ కబురే చెప్పేది. నేను పిలవలేదు. పిలిచి ఏమనాలి?

మధ్యాహ్నం నలుగురం భోజనానికి కూర్చున్నాం. మా అబ్బాయి మంచి ఊపు మీదున్నాడు.

“ఒప్పుకున్నానోయ్. తప్పు నాదే, గొట్టానిదే. మీ పుట్టింటివాళ్ళు నిర్దోషులు. ఇక ఈ చెట్టు జోలికి రాను, మన మనవల కాలం దాకా ఉండనీ. సరేనా?”

“రాసివ్వు నాన్నా,” అంది మనవరాలు.

సరే అంటే చాలు. మూడు వారాల గొడవ అక్కడితో తీరిపోతుంది. గొట్టానికి వంపుముక్క వేస్తారు, పగులు పూడుస్తారు, రేకు మళ్ళీ వేసుకుంటాను. నా కంచం లోకే చూస్తూ నేను కూడా ఆ సరే కోసమే ఎదురుచూశానని ఒప్పుకోవాలి. నా గది నాకుంటుంది కదా. అంతలోనే, మధ్యాహ్నాలు హోమ్‌వర్కు పేరు చెప్పి పిల్ల నా మిషను పక్కన చాపేసుకుని నిద్రపోవడం గుర్తొచ్చింది. సరిగ్గా ఆ కొమ్మ కింద.

కోడలు మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది.

“పగులు గొట్టం వల్లే వచ్చింది. అది నిజం. కానీ చెట్టు అడుగున గోడవైపు గుల్ల పడింది. రెండేళ్ళ కింద ఆ వైపు చూడకుండానే చూశానని టిక్కు పెట్టాను.”

“రేకు తీయనివ్వంది నేను,” అన్నాను.

“టిక్కు పెట్టమని మీరు చెప్పలేదు అత్తయ్యా,” అంది, మెత్తగానే.

తర్వాత మా ముగ్గురి వైపూ ఒకసారి చూసింది. గొంతు పెంచలేదు.

“రేపు పొద్దున ఆఫీసులో ఆ మాట రాసిస్తాను. మన చెట్టుని ఇంకొకరొచ్చి చూస్తారు, తీసేయమనే రాస్తారు. నేను అడ్డుచెప్పను. ఇవాళ్టి నుంచి వెనకగదిలో ఎవరూ కూర్చోవద్దు, పడుకోవద్దు. అన్నాలయ్యాక మిషను ముందు గదిలోకి జరుపుదాం.”