అరవై అంగల వరండా

టీ పొంగకుండా ఒక కంట కనిపెట్టుకుంటూ, వంటింటి గట్టు మీదే ఆ ఉత్తరం రాశాను. మా ఆయన ముందుగదిలో తన డ్రాయింగ్ బల్ల దగ్గర కూర్చునే చెప్పాడు, "కుటుంబ కారణాల వల్ల అని రాయి చాలు, అంతకన్నా వివరాలెందుకు" అని. ఆయన చెప్పినట్టే రాశాను. "ఈ ఏడాది కూడా" అన్న ముక్క మాత్రం నా సొంతం.

ఏటా మా ఆర్కిటెక్చర్ స్కూల్లో మొదటి సంవత్సరం పిల్లల్ని ఏదో ఒక పాత కట్టడానికి తీసుకెళ్ళి, పన్నెండు రోజులు అక్కడే ఉంచి, ప్రతి గోడా ప్రతి కిటికీ కొలిపించి బొమ్మ గీయిస్తాం. ఈసారి వేరే ఊళ్ళో మూతపడిన నూలుమిల్లు. కొలతల పాఠం చెప్పేది నేను. నాలుగేళ్ళుగా పిల్లల్ని తీసుకెళ్ళేది మాత్రం నా తర్వాత ఎప్పుడో చేరిన జూనియర్ లెక్చరర్. "మీ ఇంటి ఇబ్బందులు మాకు తెలియనివా అమ్మా. రాలేనని రేపు సాయంత్రంలోగా ఒక్క ముక్క రాసిచ్చారంటే ఇక ఏటా ఆ ప్రయాణం మొత్తం అతనికే అప్పజెప్పేస్తాను, మీకూ హాయిగా ఉంటుంది" అన్నారు మా హెడ్ గారు. నా హాయి గురించి ఇంతమంది ఇంత శ్రద్ధ తీసుకుంటారు. ఇంట్లో అత్తయ్య, పన్నెండు రోజులు తనకి వేళకింత ఎవరు పెడతారని అడిగింది. మా ఆయన అయితే వెళ్ళొద్దని అననే లేదు. "నువ్వే ఆలోచించుకో" అన్నాడు. ఆలోచించుకోవడం కూడా నా పనుల్లో ఒకటి.

ఉత్తరం బ్యాగులో పెట్టుకుని క్లాసుకి వెళ్ళాను. ఆ రోజు పాఠం ఒంటితో కొలవడం. టేపు చేతిలో లేకపోయినా గది చూడగానే కొలత చెప్పగలగాలి. అందుకని ఎవరి జాన ఎంతో, బార ఎంతో, అంగ ఎంతో తేల్చుకుని స్కెచ్ పుస్తకం మొదటి పేజీలో రాసుకోమంటాను. క్లాసు ముందు వరండాలో నిలబెట్టి, ఏటా చెప్పే మాటే ఆ రోజూ చెప్పాను. "నా అంగ డెబ్బై అయిదు సెంటీమీటర్లు. ఈ వరండా నాకు సరిగ్గా అరవై అంగలు." ఉద్యోగంలో చేరిన వారం నడిచి తేల్చుకున్న లెక్క అది. అప్పటికింకా పెళ్ళి కాలేదు.

ప్రతిదానికీ ప్రశ్న వేసే పిల్ల ఒకతి ఉంది, తోటివాళ్ళు సందేహాలరాణి అంటారు. "మీరు నడవండి మేడం, మేం లెక్కపెడతాం" అంది. నవ్వుతూనే బయల్దేరాను. వరండా చివరికి చేరేసరికి పిల్లలందరూ ఒక్క గొంతుతో డెబ్బై ఒకటి అన్నారు. మళ్ళీ నడిచాను. మళ్ళీ డెబ్బై ఒకటే. ఆ పిల్ల టేపు పట్టి వరండా కొలిచి, నలభై అయిదు మీటర్లకి ఒక్క వేలు కూడా తేడా లేదని చెప్పి, లెక్క కట్టింది. "మీ అంగ అరవై మూడు చిల్లరే మేడం." ఎవరో వెనకనుంచి వయసు అన్నారు, అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాకు నలభై రెండేళ్ళు, మోకాళ్ళు గట్టిగానే ఉన్నాయి.

పిల్లలు భోజనానికి వెళ్ళాక ఒక్కదాన్నే మళ్ళీ నడిచాను, ఎలాగైనా అరవైలో ముగించాలని. పట్టుమని పది అంగలు వేశానో లేదో, ఎవరో ఇప్పుడు కేకేస్తారన్నట్టు కాళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి. ఆ కేక ఎవరిదో నాకు తెలుసు. పెళ్ళయిన మొదటి వారం అత్తయ్య అన్న మాట, "అదేం నడకమ్మా, ఇల్లు అదిరిపోతోంది." మా ఇంట్లో నేలంతా చెక్క. మా ఆయన ముచ్చటపడి తనే డిజైన్ చేసి వేయించుకున్నాడు. నేల ఆయనది, అదిరితే తప్పు నా కాళ్ళది. ఒకసారి నేను గబగబా వెళ్తుంటే ఆయన బల్ల కదిలి, పెన్ను జారి, వారం రోజుల డ్రాయింగ్ మీద సిరా ఒలికింది. తిట్టలేదు. మూడు రోజులు మాట్లాడలేదు, అంతే. ఆ మూడు రోజుల్లోనే కాబోలు మునివేళ్ళ మీద నడవడం నేర్చుకున్నాను. తర్వాత ఇంటికి ఎవరొచ్చినా ఆయన గొప్పగా చెప్పేవాడు, "మా ఆవిడ ఇంట్లో ఉన్నా ఉన్నట్టు తెలియదండీ" అని. అది మెచ్చుకోలనుకుని, ఒట్టేసి చెబుతున్నాను, సంతోషించాను. సాయంత్రం నేను ఎన్నింటికి ఇల్లు చేరానో ఆయనకి తెలియదు. టీ కప్పు పక్కన పెట్టినప్పుడే తెలుస్తుంది. ఒక్కోసారి అప్పుడూ తెలియదు, టీ చల్లారిపోయాక మళ్ళీ పెట్టి ఇమ్మంటాడు.

ఏడుపేమీ రాలేదు. భయం వేసింది. పదహారేళ్ళలో ఒక్కో అంగలోంచి పన్నెండు సెంటీమీటర్లు పోయాయి. ఎవరూ లాక్కోలేదు. నేనే కొంచెం కొంచెంగా ఇచ్చేశాను, ఇస్తున్నట్టు నాకే తెలియకుండా. పిల్లలకి ఏటా ఎంత ధీమాగా అబద్ధం చెప్పాను. ఇక మిల్లు కూడా ఇచ్చేస్తే, నా దగ్గర పాఠం ఒక్కటే మిగులుతుంది, తప్పుడు లెక్కతో సహా.

సాయంత్రం హెడ్ గారి గదికి వెళ్ళాను. ఆయన ఉత్తరం కోసం చెయ్యి చాపారు. బ్యాగు తెరవలేదు. "నేను వెళ్తున్నానండీ, నా పేరు వేయండి" అన్నాను. గొంతు సన్నగా వచ్చింది, అయినా వచ్చింది. "ఇంట్లో అడిగారా అమ్మా?" అన్నారాయన. "చెబుతానండీ" అన్నాను. ఆయన జాబితాలో జూనియర్ పేరు కొట్టేసి నా పేరు రాశారు. తలకిందులుగా కనబడుతున్నా నా పేరు నేను చదువుకోగలిగాను.

ఇంటికి వెళ్ళేదారి పొడుగునా మాటలన్నీ ముందే పేర్చుకున్నాను, పన్నెండు రోజులకి వంట ఎవరు చేయాలో, అత్తయ్య మందులు ఏ డబ్బాలో ఉన్నాయో. తలుపు తీసేసరికి మా ఆయన ఎప్పటిలాగే బల్ల మీదికి వంగి గీత గీస్తున్నాడు, వీపు నా వైపు. చెప్పులు విడిచి, ఆ చెక్కనేల మీద నడిచాను, చేరిన వారం వరండాలో నడిచినట్టు. గుమ్మం నుంచి వంటిల్లు రోజూ పదమూడు అంగలు. అయిదో అంగకి బల్ల కదిలింది, గీత వంకరపోయింది. ఆయన తల ఎత్తలేదు. విసుగ్గా పెన్ను పక్కన పెట్టి, ఖాళీ వంటింట్లోకి నన్ను కేకేశాడు.

"ఇదిగో, ఎవరో వచ్చారు, చూడు."