నేరేడు రంగు తొట్టి

"ఆ గోళ్ళు బాగా తోముకో. వకీలు చూస్తాడు," అన్నాడు మొగుడు కార్తికేయన్.

రంజని అప్పటికే పెరట్లో కూర్చుని చింతపండుతో వేళ్ళు రుద్దుకుంటోంది. చర్మం మీది నీలం వదిలింది, గోళ్ళ మొదట్లోది వదల్లేదు. పెళ్ళయి తిరుత్తణికి వచ్చిన కొన్నాళ్ళ నుంచీ అది అక్కడే ఉంది. ఈ ఇంటి చీరలకు పేరు తెచ్చిన నేరేడు రంగు ఆ వేళ్ళకే కుదిరింది. నీలిమందు పులిసే తొట్టికి ప్రాణం ఉంటుంది. రోజూ పొద్దున్నే వాసన చూసి బెల్లం నీళ్ళు పోయాలి. పోయకపోతే చచ్చిపోతుంది. ఎంత పోయాలో వాసనే చెబుతుంది. అది పట్టుకున్నది రంజని. ఆమెకు జీతం లేదు. ఇంటి కోడలికి జీతమేందని అత్త రాజామణి ఒకసారి నవ్వింది.

జీతం ఉన్నది చెంగమ్మకు. ఏళ్ళ తరబడి ఆ తొట్టి దగ్గర పనిచేసి, పోయినేడు మానేసి, కనకమ్మ సత్రం ఊళ్ళో సొంతంగా అద్దకం షెడ్డు వేసుకుంది. ఒకరోజు బస్సులో పోతుంటే ఆ షెడ్డు ముందు ఆరేసిన నూలు రంజని కంట పడింది. ఇంటికొచ్చి చెప్పులు విడవక ముందే మొగుడితో అంది, "నా రంగు చెంగమ్మ దండెం మీద ఆడతా ఉంది" అని. అది అసూయ. చెంగమ్మకు సొంత తొట్టి ఉంది, తనకు లేదు. అంతకు మించి ఆ మాటకు కారణం ఎంత వెతికినా రంజనికి దొరకలేదు. కార్తికేయన్ "మన రంగా?" అని చొక్కా తొడుక్కుని తిరువళ్ళూరు వెళ్ళాడు.

వకీలు గోవిందస్వామి అతనికి విడమరచి చెప్పాడట. మానేశాక ఇదే పని పెట్టుకోనని చెంగమ్మ చేత రాయించుకున్న కాగితం నిలవదు, ఎవరి బతుకుతెరువునూ అట్లా కట్టేయలేం, రంగు రహస్యాన్ని దొంగిలించిందంటే మాత్రం ఆపొచ్చు అని. కోర్టు ఇంజంక్షన్ ఇచ్చింది. వాయిదా దాకా చెంగమ్మ తొట్టి ముట్టకూడదు. దాన్ని పొడిగించాలంటే రంజని అఫిడవిట్ కావాలి.

నిన్న చెంగమ్మ ఫోన్ చేసింది. ఏడవలేదు.

"మూత తీసేదానికి గూడా లేదంట పాపా. రేపో మాపో సచ్చిపోతాది తొట్టి. మీ ఇంట్లో చాడీ యెవురు చెప్పినారో ఏమో. నీకు తెలిసుంటే ఆపుండేదానివి."

రంజని "ఊఁ" అంది.

తిరువళ్ళూరులో గోవిందస్వామి అఫిడవిట్ చదివి వినిపించాడు. అందులో రంగు కనిపెట్టింది కార్తికేయన్. షెడ్డుకు ఎప్పుడూ తాళం ఉండేది. ఇంటివాళ్ళు తప్ప ఎవరూ తొట్టిని చూసుకోలేదు. చెంగమ్మ చాటుగా చూసి నేర్చుకుంది.

"నెల పొడుగునా తొట్టి చూసుకునింది మీరే గదమ్మా?" అని అడిగాడు.

"ఇంకెవురు చూస్తారు సార్," అన్నాడు కార్తికేయన్. "ఈమెకి మాట్లాడేది తెలీదు. సంతకం పెడతాది."

కొత్త కోడలిగా విన్న అత్త మాట రంజనికి గుర్తొచ్చింది. ఆ మూడు దినాలు షెడ్డు గడప తొక్కద్దు, మైల తగిలితే తొట్టి విరిగిపోతాది. అమ్మ చెప్పినట్టు విను అని కార్తికేయన్ పేపరులోంచే అన్నాడు. తొట్టి ఆకలి మూడు దినాలు ఆగేది కాదు. ముట్లుడిగిన మనిషి గనుక చెంగమ్మను లోపలికి పంపమన్నది కూడా అత్తే. రంజని పెరటి గోడ ఇవతల నిలబడి, పులుపు వాసనా, తీపి వాసనా అని అడిగేది. చెంగమ్మ లోపలి నుంచి చెప్పేది. అట్లా నేర్చుకుంది ఆమె.

రంజని కొంగు కింది నుంచి చేతులు తీసి బల్ల మీద పెట్టింది.

"నెల పొడుగునా కాదు సార్. బయటుండే మూడు దినాలు నన్ను షెడ్డులోకి రానీరు. అప్పుడంతా తొట్టి చూసింది చెంగమ్మక్కే. నేర్పించింది నేను."

కార్తికేయన్ తల తిప్పుకున్నాడు. గోవిందస్వామి పెన్నుకు మూత పెట్టాడు.

"అది కోర్టులో చెప్పే మాట కాదమ్మా."

"ఆ యమ్మ తరపు వకీలు అడిగితే చెప్తాను సార్."

కార్తికేయన్ బండి తీసేలోపు ఆమె బస్టాండు చేరింది. తిరుత్తణి బస్సెక్కి, కనకమ్మ సత్రానికి టికెట్ అడిగింది. చాడీ చెప్పింది ఎవరో ఫోన్‌లో చెప్పే మాట కాదు.