గోలీలకు రిటైర్మెంట్

శోభకు మాటలు కట్టడం ఎవరూ నేర్పలేదు. గోదావరిఖని లక్ష్మీనగర్‌లో నాని నడిపే ఫ్లెక్సీల దుకాణంలో ఆమె చేరింది కంప్యూటర్ మీద అక్షరాలు కొట్టే పనికి. పుట్టినరోజులవి, దశదినకర్మలవి, బొగ్గు బాయి నుంచి రిటైరయ్యేవాళ్ళ సన్మానాలవి, ఏ ఫొటో కింద ఏ పేరో తప్పు పోకుండా కొట్టేది. నాని మైకు ప్రకటనల ఆటోలు కూడా తిప్పేవాడు. ఒకరోజు చీరల దుకాణం ఆటోకు గొంతు ఇవ్వాల్సిన అమ్మాయి రాలేదు. నాని శోభ చేతికి మైకు ఇచ్చి కాగితం చదవమన్నాడు. ఆమె కాగితం పక్కన పెట్టి, పక్కింటి ఆడవాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడింది. ఆటో తిరిగిన కాలనీల ఆడవాళ్ళు సాయంత్రానికే ఆ దుకాణం ముందు గుమిగూడారు. అప్పటినుంచి ఊళ్ళో తిరిగే ప్రకటనల ఆటోల్లో చాలావాటికి గొంతూ ఆమెదే, మాటా ఆమెదే.

నాని వాళ్ళ తాత ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి బొగ్గు బాయిల దగ్గర హోటల్ పెట్టుకున్నాడు. నాని ఇక్కడే పుట్టి పెరిగినా ఇంటి మాటతీరు పోలేదు.

"మీరు చేసే పనికి డిగ్రీ ఉందండీ శోభగారూ" అన్నాడతను ఒక మధ్యాహ్నం, ఫోన్‌లో ఏదో యూనివర్సిటీ పేజీ చూపిస్తూ. "పబ్లిక్ రిలేషన్స్, అడ్వర్టైజింగ్. ఇంట్లో ఉండే చదువుకోవచ్చు. ఆదివారాలు మాత్రం కరీంనగర్‌లో క్లాసులు."

శోభ నవ్వి మళ్ళీ కీబోర్డు వైపు తిరిగింది. ఇంటర్ పాసైన ఏడాదే ఆమెకు పెళ్ళయింది. ఇప్పుడు కూతురు పదో తరగతి. కానీ ఇంటికి నడిచినంత సేపూ ఆ కోర్సు పేరు నోట్లో తిప్పుకుంటూనే ఉంది. భర్త కిషన్ భూమి లోపలి బాయిలో పని చేస్తాడు. సెకండ్ షిఫ్టుకు బయల్దేరుతూ విషయం విన్నాడు. వద్దనలేదు. చదివితే మామూలు బీఏ చదవమన్నాడు, రేపు ఏ బడిలోనో పనికొస్తుందన్నాడు. మైకులో చెప్పేదానికి కూడా ఒక చదువుంటుందా అని అతని అనుమానం. శోభకూ ఆ అనుమానం లేకపోలేదు. చూద్దాంలే అనుకుంది.

ఆ మధ్యలోనే ఎక్కడినుంచో వచ్చిన ఒకాయన చౌరస్తా దగ్గర వనమూలికల దుకాణం తెరిచాడు. షుగర్ జబ్బుకు చెట్ల మందు అమ్ముతాడు. తన పొడి వాడితే షుగర్ అదుపులో ఉంటుందని మైకులో చెప్పించమన్నాడు, అంతే. శోభకు ఆ మాట చప్పగా తోచింది. ఈ ఊళ్ళో ఏ ఇంట్లో చూసినా రిటైరైనవాళ్ళో, అవబోయేవాళ్ళో ఉంటారు. రిటైర్మెంట్ అన్న మాట వింటే పెద్దవాళ్ళు చెవి ఇటు పడేస్తారని ఆమెకు తెలుసు. టీ తాగుతుండగానే మాట తట్టింది. మైకు ముందుకు జరిగి, దారిన పోయే పెద్దమనిషిని నిలబెట్టి అడిగినట్టు అడిగింది.

"నువ్వు బాయి నుంచి రిటైర్ అయినవ్. మరి నీ షుగర్ గోలీలకు రిటైర్మెంట్ ఎప్పుడిస్తవ్ కాకా?"

మందులాయన ముఖం వెలిగిపోయింది. కొద్ది రోజుల్లోనే ఆ మాట ఊరంతా పాకింది. కూరగాయల మార్కెట్‌లో పాత తక్కెడను చూసి ఒకరు, బస్టాండులో పాత బస్సును చూసి ఒకరు, దీనికి రిటైర్మెంట్ ఎప్పుడిస్తవ్ కాకా అనడం మొదలుపెట్టారు. బాయిలో కూడా అదే మాట నడుస్తోందని, అది తన భార్య కట్టిందంటే ఎవరూ నమ్మడం లేదని కిషన్ నవ్వుతూ చెప్పాడు. ఆ నవ్వులో గర్వం ఉంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తన పని గురించి అతని ముఖంలో అది చూడటం ఆమెకు అదే మొదలు. మర్నాడు దుకాణానికి పోయి, బీఏ కాదు, ఆ డిగ్రీకే నా పేరు పెట్టించు అన్నా అని నానితో చెప్పింది. అడ్మిషన్లు మొదలవగానే చూద్దామన్నాడు నాని.

శోభ వాళ్ళ గోడకు అవతలి ఇల్లు పోశవ్వది. భర్త బాయిలో చేసి, రిటైరై, కొన్నేళ్ళకు పోయాడు. కూతురు మమతను బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే అతనికి ఇచ్చింది. శోభ ఈ ఇంటికి కొత్త కోడలుగా వచ్చిన నాటి నుంచి తల్లి లేని లోటు పోశవ్వే తీర్చింది. కాన్పు తర్వాత శోభ జ్వరంతో పడి ఉంటే పసిపిల్లకు నీళ్ళు పోసింది, ఈమె నోటికి ఉడుకన్నం ముద్దలు అందించింది. పోశవ్వకు షుగర్ ఉందని, పొద్దునా సాయంత్రం గోలీలు వేసుకుంటుందని శోభకు తెలుసు. తెలిసి కూడా, ఆ మాట కట్టిన పూట పోశవ్వ ఒక్క క్షణమైనా గుర్తుకు రాలేదు.

చలికాలంలో పోశవ్వకు కొత్త చెప్పు కరిచింది. చిన్న పుండే, కానీ మానలేదు. పసుపు పెట్టుకుంది, గుడ్డ చుట్టుకుంది, ఎవరికీ చెప్పలేదు. వేళ్ళు నల్లబడ్డాక మమత వచ్చి చూసి, అప్పటికప్పుడు కరీంనగర్ తీసుకుపోయింది. పాదం ఉంచితే ప్రాణానికే ముప్పన్నారు. మోకాలి కింద దాకా తీసేశారు.

శోభ అన్నం కట్టుకుని దవాఖానకు వెళ్ళింది. పోశవ్వ మగతగా పడుకుని ఉంది. దుప్పటి ఒకవైపు ఎత్తుగా, రెండోవైపు చదునుగా ఉంది. మమత ఆమెను వరండాలోకి తీసుకొచ్చి గొంతు తగ్గించి చెప్పింది.

"గోలీలు ఎప్పుడో బంద్ పెట్టిందట అక్కా. గా చెట్ల పొడి తిన్నదట. ఎందుకు చేసినవే అంటె, మన శోభనే చెప్పింది గద, శోభ అబద్ధం చెప్తదా అంటున్నది."

మమత ఆ మాట నిందగా అనలేదు. తల్లి అమాయకత్వాన్ని చెప్పుకుంది, అంతే. మందులాయన చెప్పమన్నదే చెప్పిన అని శోభకు నోటిదాకా వచ్చింది. కానీ అది నిజం కాదు. అన్నం డబ్బా మమత చేతిలో పెట్టి, బస్సుకు టైమైందని చెప్పి వచ్చేసింది. టైము కాలేదు. బస్టాండులో చాలాసేపు ఊరికే కూర్చుంది.

ఇంటికి వచ్చి కిషన్‌కు చెబితే, నీ పని నువ్వు చేసినవ్, గోలీలు పారెయ్యమని ఆమె చెయ్యి పట్టుకున్నవా అన్నాడు. ప్రచారమే మనది, మందు మనది కాదు కదండీ అన్నాడు నాని. ఇద్దరూ ఓదార్చడానికే అన్నారు. ఎవరైనా ఒక్కరు గట్టిగా తిడితే బాగుండేదనిపించింది ఆమెకు. అడ్మిషన్లు మొదలయ్యాయని నాని చెప్తే, ఇగ ఆ మాట ఎత్తకు అన్నా అంది.

ఆటో మాత్రం తిరుగుతూనే ఉంది. శోభ వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తుంటే కిటికీలోంచి ఆమె గొంతే వచ్చి, కాకా, ఎప్పుడిస్తవ్ అని అడిగిపోయేది. మూడోసారి విన్నాక కత్తిపీట పక్కన పెట్టి నేరుగా దుకాణానికి నడిచింది. ఆ ప్రకటన ఆపకపోతే తాను రేపటినుంచి పనికి రానంది. నాని కాసేపు తల గోక్కుని, మందులాయనకు ఏదో సర్దిచెప్పి ఆపించాడు. ఆపితే సరిపోదని, విన్నవాళ్ళకు మళ్ళీ చెప్పాలని, ఒక ఆటో కావాలని అడిగింది. అదీ ఇచ్చాడు.

డ్రైవర్ పక్కన కూర్చుని, మైకు పట్టుకుని శోభ తానే కాలనీలన్నీ తిరిగింది. డాక్టర్‌ను అడగకుండా షుగర్ గోలీలు మానొద్దని, మానితే కాళ్ళు పోతాయని చెప్పింది. ఎన్ని విధాల తిప్పి చెప్పినా, ఆమె చెవులకే అది ఆఫీసు గోడ మీది రాతలా వినబడింది. నల్లా దగ్గర నీళ్ళు పడుతున్న ఆడవాళ్ళు తల ఎత్తలేదు. ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ వేళకు కిటికీలు దడదడలాడాయి, ఆమె మాట సగం అందులోనే కలిసిపోయింది. అరుగు మీద కూర్చున్న ముసలాయన ఒకాయన ఆటో ఆపి, గోలీలు ఏ దుకాణంల అమ్ముతున్నరు బిడ్డా అని అడిగాడు. ఇంకొకాయన, రిటైరైన మనిషే, గొంతు గుర్తుపట్టి దగ్గరికి వచ్చాడు.

"మొన్న నువ్వే మానుమంటివి. ఇయ్యాల నువ్వే మానొద్దంటున్నవ్. ఎవరెక్కువ ఇచ్చిండ్రు?"

శోభ మైకు ఆపేసి ఆటోను వెనక్కి తిప్పించింది.

ప్రాణం మీదికి తెచ్చిన మాట ఒక్క టీ తాగే లోపల దొరికింది. ప్రాణం నిలబెట్టే మాటకు పొద్దంతా చెమటోడ్చినా రూపం రాలేదు. ఇది తన చేతగానితనమా, మంచి మాటకు ఆ గుణమే ఉండదా అన్నది ఆమెకు తేలలేదు. తేల్చి చెప్పగలవాళ్ళు ఎక్కడో ఉండాలి. నాని ఫోన్‌లో చూసిన ఆ కోర్సు పేజీలో ఆరోగ్య ప్రచారం అని ఒక పేపరు, ప్రకటనల్లో నీతి అని ఇంకో పేపరు ఉన్నట్టు లీలగా గుర్తు. అప్పుడు వాటిని ఆమె చదవకుండా దాటేసింది.

పోశవ్వను ఇంటికి తెచ్చాక, తోడుగా ఉంటున్న మమత సరుకులకు దుకాణానికి పోయిన పూట చూసుకుని శోభ వెళ్ళి మంచం పక్కన కింద కూర్చుంది.

"గా రిటైర్మెంట్ మాట మందులాయన చెప్పమన్నది కాదు అవ్వా. నేనే కట్టిన."

పోశవ్వ ఆమె వైపు తల తిప్పింది.

"నువ్వే కట్టినవా? గాయినదే అనుకున్న. మంచిగ కట్టినవ్ బిడ్డా. ఇనంగనే మా ఆయన యాదికొచ్చిండు. నౌకరి దిగిపోయిన్నాడు మెడల దండతోని ఇంటికొచ్చి, ఇగ పొద్దుగాల లేసే ఫికర్ లేదని ఎంత సంబురపడ్డడో. గందుకే నమ్మిన."

శోభకు ఏడుపు ఆగలేదు. పోశవ్వ ఆమె తల నిమరలేదు. దుప్పటి అంచు లాక్కుని తొడ మీద సర్దుకుంది. కాసేపటికి శోభే చదువు సంగతి చెప్పింది. వద్దనుకున్నానని, ఇప్పుడు మళ్ళీ చేరాలనిపిస్తోందని చెప్పింది.

"గది సదివితె గిట్లాంటి మాటలు కట్టుడు బంద్ చేస్తవా, ఇంకింత మంచిగ కడ్తవా?" అని అడిగింది పోశవ్వ.

"తెల్వదు అవ్వా."

పోశవ్వ అటు తిరిగి పడుకుంది. శోభ లేవబోతుంటే, మమతకు నేను చెప్పను, నువ్వే చెప్పు అంది.

ఆ సాయంత్రమే చెప్పింది. మమత అంతా విని లోపలికి పోయింది. శోభ రోజూ అన్నం పంపుతున్న డబ్బాను కడిగి తెచ్చి చేతిలో పెట్టి, "ఇగ తేకు అక్కా" అంది. ఆ తర్వాత గోడ అవతలి నుంచి పిలుపు రాలేదు.

శోభ డిగ్రీలో చేరింది. ఎందుకు చేరావంటే, జనానికి మంచి చెప్పడం నేర్చుకోవడానికని నానికి చెప్పింది, కిషన్‌కు చెప్పింది. అది అబద్ధం కాదు. కానీ తన మాట ఊరి నోళ్ళలో నానిన ఆ రోజుల తీపి ఇంకా లోపల ఎక్కడో ఉందని, పోశవ్వ కాలు పోయినా అది పోలేదని ఆమెకు తెలుసు. మంచి చెప్పాలన్న కోరిక దాని మీద కప్పిన గుడ్డేమోనని కూడా అనిపించేది. చేరిన రోజు స్వీట్లు పంచుతానని కూతురు అంటే వద్దంది.

మొదటి ఆదివారం క్లాసుకు కరీంనగర్ బస్సు ఎక్కబోతుంటే బస్టాండులో పోశవ్వ, మమత కనిపించారు. కరీంనగర్‌లో పెట్టుడు కాళ్ళు ఇచ్చే క్యాంపు ఉందని అక్కడున్నవాళ్ళెవరో చెప్పారు. బస్సు మెట్లు ఎత్తు. మమత ఒక్కతే తల్లిని ఎక్కించలేకపోతోంది. శోభ సంచి కింద పెట్టి రెండోవైపు పట్టుకుంది. మమత కాదనలేదు, ముఖమూ చూడలేదు. బస్సులో ముగ్గురూ ఒకే వరుసలో కూర్చున్నారు.

దిగాక క్యాంపు గేటు దాకా పోశవ్వను చెరో భుజం పట్టి నడిపించారు. లోపల కుర్చీల్లో చాలామంది వరుసగా కూర్చుని ఉన్నారు. శోభ తానూ ఉంటానంది.

"నీ క్లాసుకు పో" అంది పోశవ్వ. కోపంగా అనలేదు, ప్రేమగా కూడా అనలేదు.

మమత అప్పటికే తల్లికి కుర్చీ వెతుకుతూ లోపలికి నడిచింది. శోభ కాసేపు గేటు దగ్గర నిలబడింది. ఉండవచ్చు. ఎవరూ గెంటెయ్యరు. ఆటో పిలిచి ఎక్కింది.

వెళ్ళేసరికి క్లాసు మొదలైంది. ఆమె కూతురికంటే నాలుగైదేళ్ళు పెద్దవాళ్ళు, అంతే, చుట్టూ ఉన్నవాళ్ళు. మేడమ్ పేరడిగి, ఏం చేస్తుంటారమ్మా అంది. ఫ్లెక్సీల దుకాణంలో పని అని చెప్పి శోభ చివరి బెంచీలో కూర్చుంది. ఒక మాట మనిషి మనసులోకి ఎలా దిగుతుందో మేడమ్ బోర్డు మీద గీస్తూ చెప్తోంది. ఆమె చెప్పేదాంట్లో చాలా భాగం తనకు ముందే తెలిసినట్టు, తెలిసినదానికి ఇప్పుడు పేర్లు దొరుకుతున్నట్టు అనిపించింది. వినడానికి ఎంతో బాగుంది. అక్కడ పోశవ్వ కాలు కొలతకు ఇచ్చి కూర్చుని ఉంటే ఇక్కడ తనకిది ఇంత బాగుండటం ఆమెను కుదురుగా కూర్చోనివ్వలేదు. అయినా మధ్యలో లేచి వెళ్ళలేదు. మేడమ్ చెప్పిన ఒక్క మాటా వదలకుండా రాసుకుంటూ పోయింది.