వెచ్చగా ఉన్నంత మాత్రాన

పాలగిన్నె అడుగు గీకుతుండగా ఫోన్ మోగింది. గుండె ఆగి చనిపోయిన దాత క్లోమం ఉంది, తీసుకుంటారా అని ఆస్పత్రివాళ్లు అడుగుతున్నారు. ఆమె భర్త వైపు చూసింది. క్లోమంలోంచి ఇన్సులిన్ తయారుచేసే కణాల గుంపుల్ని, అంటే దీవుల్ని, వేరుచేసే ల్యాబుకి ఆయన పెద్ద. వేరుచేసే పని మాత్రం ఆమెది.

"వద్దను," అన్నాడు పేపర్లోంచి తలెత్తకుండా. "మెదడు పోయి గుండె ఆడుతున్న దాతదైతే చివరిదాకా నెత్తురందుతుంది. ఇదేముంది, ఆరిన పొయ్యి మీద ఎసరు పెట్టినట్టు."

పోలికలు ఆయనకి బాగా వచ్చు. పొయ్యి వెలిగించడమే రాదు.

ఆ కణాల కోసం చక్కెరజబ్బున్న ఒక కుట్టుపనావిడ ఎదురుచూస్తోంది. నెత్తుట్లో చక్కెర పడిపోయే ముందు ఆమెకి చెమటైనా పట్టదు, సూది చేతిలో ఉండగానే ఒరిగిపోతుంది. పక్కన కూతురు లేనిదే నిద్రపోవడానికి భయం.

"తీసుకుంటాం," అంది ఫోన్లో.

"నీ ఇష్టం," అన్నాడాయన. అచ్చొస్తే మన ల్యాబు, బెడిసికొడితే నీ మొండితనం అని దానర్థం. అత్తగారైతే చుట్టాల ముందు దాచకుండానే అనేది: "వైద్యమంతా మావాడిది. ఈవిడకేముంది, కడగడం, వడగట్టడం. వంటింటి పనేగా."

ల్యాబులో క్లోమం ఎంజైముతో కరుగుతుంటే ఆమె పాత్రని ఊపుతూ నిలబడింది. ఆయన కుర్చీలోంచి, "ఇంకాసేపు కానీ. ఎప్పుడూ ఉంచినంత ఉంచాలి," అన్నాడు.

అది గుండె ఆడే దాతల లెక్క. ఇది నెత్తురు అందక, ముందే మెత్తబడిపోయింది, అంతసేపుంచితే దీవులు చితికిపోతాయి. చుక్క తీసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూసింది. దీవులు ఎర్రటి గింజల్లా, చుట్టూ ఉన్నదాన్ని వదిలించుకుని విడిపడుతున్నాయి.

"ఆపేస్తున్నా."

"నేను చెప్పానా?"

"మిమ్మల్ని అడగలేదు."

ఆయన నవ్వాడు, చంటిపిల్ల మారాం చూసినట్టు.

వడగట్టి చూస్తే సరిపడా వచ్చాయి, సంచీలో నింపింది. కుట్టుపనావిడకి కబురు వెళ్లింది. అప్పుడు లేచాడాయన. ఆమె భుజం మీద చెయ్యి వేసి, "నేననుకుంటూనే ఉన్నా, మన ల్యాబంటే ఏంటనుకున్నారు. ఇటివ్వు, సంచీ నేను తీసుకెళ్తా," అన్నాడు. ఎప్పుడూ అంతే. రోగి ముందుకి వెళ్లే చేతులు ఆయనవి.

కొత్తలో ఒకసారి, అవయవం కోసం పెట్టె పట్టుకుని వార్డు బయట నిలబడింది ఆమె. మెదడు చనిపోయిన కొడుకు చెయ్యి పట్టుకుని ఒక తల్లి అడిగింది, "వెచ్చగానే ఉన్నాడు కదమ్మా, పోయాడంటారేంటి?" ఆ వెచ్చదనం మిషనుదన్న జవాబు తెలిసీ ఆమె తల దించుకుంది. ఇంటికొచ్చాక ఆ జవాబుని తన మీద ఎన్నడూ వాడుకోలేదు. ఆయన చెయ్యి వెచ్చగా ఉంది కదా అని, రోజూ పాలు కాచింది.

భుజం మీది చేతిని తీసి పక్కన పెట్టింది. సంచీ తనే అందుకుంది.

"ఇది నేను తీసుకెళ్తాను. ఇంట్లో గిన్నె నానబెట్టాను, తోముకోండి. నేను రాను."

"రాత్రికా?" అన్నాడాయన.

ఆమె అప్పటికే తలుపు దాటింది.