ఇంటిపేరు అడిగినప్పుడు

ఈ ఉదయం మా ఆయన గొంతు పదకొండు అట్టపెట్టెల్లో వస్తుంది. తెచ్చినతను నా చేత సంతకం పెట్టించుకుని, పెట్టెలకి తడి తగలకుండా చూసుకోమని చెప్పి వెళ్ళిపోతాడు.

ప్రతి పెట్టె మీదా ఒకటే రాసి ఉంది: ఇది ఓపెన్ సోర్స్ లైబ్రరీ, ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు, నలుగురికీ పంచవచ్చు, ఏ హామీ లేదు. గొంతు పోయినవాళ్ళ కోసం ఎక్కడెక్కడివాళ్ళో తీరిక వేళల్లో రాసిపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. తయారైనది దొరకదు. కాగితాల మీద రాసిన మూలం తెచ్చుకుని ఎవరింట్లో వాళ్ళే కట్టుకోవాలి. కట్టి ఎక్కించుకుంటే, మనిషి పెదవులు కదిపినప్పుడు అతని సొంత గొంతే వినిపిస్తుంది.

మా ఆయన పేరు నరహరి. రాజమండ్రి బస్టాండులో ఇరవై రెండేళ్ళు మైకులో బస్సులు పిలిచారు. మూడు నెలల కిందట కంతి ఉందని చెప్పి ఆయన స్వరపేటిక తీసేశారు. అప్పట్నుంచి పలక మీద రాస్తారు. పాతది చెరపకుండా దాని మీదే రాస్తారు కనక పలక ఇప్పుడు పూర్తిగా తెల్లగా ఉంది. నేను ఎలాగో చదువుకుంటున్నాను. నాకు ఆ గొంతు కావాలి. ఆయన కోసం అని అందరితోనూ అంటాను గానీ నా కోసమే కావాలి. ఈ ఇంట్లో నా చప్పుడు ఒక్కటే వింటూ ఉండలేకపోతున్నాను.

మొదటి పెట్టెలో అన్నిటికన్నా పైన ‘ముందు ఇది చదవండి’ అని ఒక కాగితం ఉంది. సగం చదివి పక్కన పెడతాను. చీటీల మీద ఉన్నదంతా చివరిదాకా చదివే ఓపిక నాకు పుట్టుకతోనే లేదు.

రెండో పెట్టెలోంచి గంజి పెట్టిన నేతచీరలో ఒకావిడ లేచి నిలబడుతుంది. కుచ్చిళ్ళు సర్దుకుని, అట్టకి కాగితాలు బిగించుకుని, ఇంట్లో ఏమేం ఉన్నాయో ముందు సరిచూడాలంటుంది. కట్టే ముందు ఇది తప్పదట. గదులన్నీ తిరుగుతూ పైకే అనుకుంటుంది. గడియారం ఉందా, ఉంది. గడియారం ముందుకే నడుస్తుందా, నడుస్తుంది. నీళ్ళు తడుపుతాయా, తడుపుతాయి. ఇవన్నీ అనుమానించాల్సిన సంగతులని నాకు ఇన్నాళ్ళూ తెలీదు, అందుకని బితుకుబితుకుమంటూ వెనకే తిరుగుతాను. చేసేవాళ్ళకి మతి స్థిమితంగా ఉందా, అని నా వైపు చూసి, కాసేపు ఆగి, ఉంది అని రాసుకుంటుంది.

ఆవిడ నడిచేకొద్దీ నడవా పొడుగవుతుంది. వంటింట్లోకి వెళ్ళి రావడానికి నలభై నిమిషాలు పడుతోంది. మధ్యలో కూర్చోడానికి రెండు స్టూళ్ళు వేస్తాను.

దగ్గు లేదు, అంటుంది తిరిగొచ్చి. గొంతు దగ్గు మీద ఆధారపడి ఉంటుందట, అది దొరికితే గానీ పని ముందుకు సాగదట. నిజమే, మైకు ముందు ఆయన ప్రతిసారీ ఒక దగ్గు దగ్గి మొదలుపెట్టేవారు. నేను బస్టాండుకి వెళ్తాను. నాలుగో ప్లాట్‌ఫారం మీద, స్పీకరు కింద గోడకి, దగ్గు ఇంకా అంటుకునే ఉంది. ఇరవై రెండేళ్ళది కావడంతో పెచ్చు కట్టింది. అట్లకాడతో గీకి టిఫిన్ డబ్బాలో పెట్టుకుని వస్తుంటే ఒక కండక్టరు ఆపి, నరహరిగారిదే కదా అని అడుగుతాడు. మూత తీసి చూపిస్తాను. అతను డబ్బాకి దణ్ణం పెట్టి బస్సెక్కుతాడు.

దగ్గు చూసి ఆవిడ తృప్తిపడుతుంది. ఇంక ఒక్కటే ప్రశ్న మిగిలిందంటుంది.

“పేరుకి ముందు ఏం పెట్టమంటారండి?”

“అంటే?”

“కట్టిందంతా ఎక్కడో ఒకచోట కుదురుకోవాలి కదండి. ఇంటిపేరు చెప్పండి, ఆ ఇంట్లో పెట్టేస్తాం.”

“వేమవరపు,” అంటాను.

మాట నోట్లోంచి దానంతటదే వచ్చేస్తుంది. కాగితం పట్టుకున్నవాళ్ళు ఎవరు ఇంటిపేరు అడిగినా నేను చెప్పేది అదే. బళ్ళో అదే చెప్పాను, సర్టిఫికెట్ల మీద అదే ఉంది. పెళ్ళయి పంతొమ్మిదేళ్ళయినా, ఆఫీసుల చుట్టూ తిరగలేక మార్పించుకోలేదు. మా ఆయనది ఆకొండి వారి ఇల్లు. ఆ మాట ఈ పూట నాకు తోచనే తోచదు. ఆవిడ రాసుకుని కింద గీత గీస్తుంది.

కట్టడం తేలికే. పెట్టెల్లోని కాగితాలు వరసగా గ్రైండర్లో వెయ్యడమే. నలుగురు కలిస్తే త్వరగా తెములుతుందంటుంది ఆవిడ, అందుకని నేను నలుగురినవుతాను. ఒక నేను కాగితాలు చింపుతాను, ఒక నేను వేస్తాను, ఒక నేను అంచులకి అంటుకున్నది తోస్తాను, ఇంకొక నేను కిందికి జారిపడ్డ ఒత్తులూ గుడులూ ఏరుతుంటాను. గ్రైండర్ మధ్యమధ్య హెచ్చరికలు కక్కుతుంది. తప్పు అని వస్తేనే ఆగాలి, హెచ్చరికలకి ఆగక్కర్లేదని ఆవిడ ముందే చెప్పింది. ‘ఈ ఇల్లు ఇప్పుడు లేదు’ అని ఒకటి వస్తుంది. మిగతావాటితో పాటు దాన్నీ తడిగుడ్డతో తుడిచేస్తాను.

మధ్యాహ్నానికి గొంతు తయారవుతుంది. గిన్నెలో గోరువెచ్చగా, కొంచెం గరుగ్గా ఉంది. ఆవిడ దానికి నలభై రెండు పరీక్షలు పెడుతుంది. అన్నీ నెగ్గుతుంది గానీ ‘ళ’ దగ్గర కొద్దిగా తడబడుతుంది. ఆయనా అక్కడే తడబడేవారు. నాకు ఒళ్ళు జలదరిస్తుంది, సంతోషంతోనే.

ఎక్కించడం మాత్రం ఇంటికి పెద్ద అయినవాళ్ళే చెయ్యాలట. మాకు పెద్దలెవరూ లేరు. ఆయన తరఫువాళ్ళు పోయారు. నా తరఫువాళ్ళు మా పెళ్ళినాడే మాకు లేకుండా పోయారు. నేనే పెద్దనంటాను. ఆవిడ రహస్యపదం అడిగి, చెవిలో చెప్పించుకుని, తల ఊపుతుంది.

గొంతు గిన్నెలోంచి లేస్తుంది. మా ఆయన కుర్చీలో మెడ ఎత్తి, కళ్ళు మూసుకుని సిద్ధంగా ఉన్నారు. అది ఆయనకి తగలకుండా పక్కనుంచి నడిచి, వీధి తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోతుంది.

నేను వెనకాల పరిగెడతాను. గొంతు మా ఊళ్ళోనే ఆర్యాపురంలో, మా పుట్టిల్లు, వేమవరపు వారి ఇల్లు ఉండే చోట ఆగుతుంది. ఆ ఇల్లు పడగొట్టి ఆరేళ్ళయింది. ఇప్పుడక్కడ స్కూటర్లు పెట్టుకుంటున్నారు. గొంతు ఏమీ తడుముకోదు. ఇల్లు లేకపోతే చేసుకుంటుంది. ముందు గేటు చేస్తుంది, తరవాత అరుగు, తరవాత సావిడి. సావిట్లో పడక్కుర్చీ, పడక్కుర్చీలో మా నాన్న. అన్నీ అయ్యాక కుర్చీ కింద దూరి కుదురుకుంటుంది.

ఆ మైకువాడి గొంతు ఈ గడపలో వినపడకూడదని పెళ్ళికి ముందు మా నాన్న అన్నాడు. పోయేదాకా ఆ మాట మీదే నిలబడ్డాడు. ఇప్పుడు కుర్చీ కింద ఏదో కదిలినట్టనిపించి కాళ్ళు పైకి తీసుకుంటున్నాడు. నాకు భయం వేస్తుంది. నా నోటితో నేనే మా ఆయన్ని తీసుకెళ్ళి శత్రువుల ఇంట్లో పెట్టాను.

ఇంటికొచ్చి, గొంతుని అక్కడ్నుంచి తీసి ఆకొండి వారి ఇంట్లో పెట్టమని ఆవిడని బతిమాలుతాను.

“తీసే పద్ధతి ఎవరూ రాయలేదండి. రాద్దామనుకున్నారు, తీరిక దొరకలేదు.”

మళ్ళీ కడదామంటే పెట్టెలన్నీ ఖాళీగా ఉన్నాయి. గొంతుని కదపలేమట. అది ఎక్కడుందో మా ఆయనకి చెప్పడం మాత్రం కుదురుతుందట. ఎక్కడ వెతుక్కోవాలో తెలిస్తే మనిషి అక్కడ్నుంచే మాట్లాడగలడట. ఆవిడ ఒక చీటీ మీద రాస్తుంది: వేమవరపు వారి ఇల్లు, సావిడి, పడక్కుర్చీ కింద. అది ఆయన్ని మింగమని చెప్పి, చీర మడతలు చెదరకుండా తనని తాను నాలుగు మడతలు పెట్టుకుని రెండో పెట్టెలో పడుకుంటుంది.

మా ఆయన చీటీ చదువుతారు. చాలాసేపు చదువుతారు. పలక తీసుకుని ఏదో రాసి నాకు అందిస్తారు. తెలుపు మీద తెలుపు, అయినా కనిపిస్తుంది: పంతొమ్మిదేళ్ళు. నేను ఏడుస్తాను. పొరపాటున వచ్చేసిందండి, మిమ్మల్ని కాదనుకుని అన్న మాట కాదండి అని చెబుతాను. చెబుతుండగానే అది ఎంతవరకు నిజమో నాకే తెలీకుండా పోతుంది. ఆయన నా కళ్ళలోకి చూడకుండా మంచినీళ్ళు తాగి చీటీ మింగేస్తారు.

తరవాత నోరు తెరుస్తారు.

ఆయన నోట్లో మా పుట్టింటి సావిడి ఉంది. సాయంత్రపు ఎండ పడి గచ్చు మెరుస్తోంది. కుర్చీ కింద గొంతు నిక్కి చూస్తోంది. మా నాన్న లేచి, విసుగ్గా, వీధి తలుపు మూసెయ్యడానికి వస్తున్నాడు. అది మూసుకుంటే ఇంక ఏదీ బయటికి రాదు. నాకు ఆ తలుపు తెలుసు, లోపల గడియ పడితే ఏనుగొచ్చినా తెరవలేదు.

నేను ఆయన పళ్ళ మధ్యనుంచి చెయ్యి దూర్చి, తలుపుకీ ద్వారబంధానికీ మధ్య నాలుగు వేళ్ళు పెడతాను. తలుపు వేళ్ళ మీదికి వస్తుంది. అటునుంచి మా నాన్న బలంగానే తోస్తున్నాడు. వేళ్ళ సందులోంచి, మూడు నెలల తరవాత, మా ఆయన గొంతు వస్తుంది. సందు ఎంత ఉందో అంత పల్చగా ఉంది. ఆయనదే.

“చెయ్యి తీసెయ్యి,” అంటుంది. “నలిగిపోతుంది.”

నేను తియ్యను. ఇంకా ఏదైనా మాట్లాడమంటాను. ఆయన మాట్లాడతారు. మాట్లాడుతూ ఏడుస్తారు, నా ఇంటిపేరు మొదటిసారి గట్టిగా పలుకుతారు, దాని వెనక నా పేరు చేరుస్తారు. అటువైపు తోపుడు సడలుతుంది. మా నాన్న నా వేళ్ళు గుర్తుపట్టాడు. ఒక్కొక్కటే పట్టుకుని, వెలుతురు వైపు తిప్పుకుని, చిన్నప్పుడు ఆదివారాలు చేసినట్టు నా గోళ్ళు తీస్తున్నాడు. కట్టర్ చప్పుడు వినిపిస్తోంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. లోపల నా వేళ్ళు నాలుగే ఉన్నాయి, బొటనవేలు ఇవతలే ఉంది. మా ఆయన ఇంకా మాట్లాడుతున్నారు, నేను చెయ్యి కదపను, కట్టర్ ఐదో చప్పుడు వినిపిస్తుంది.